వార్షిక నివేదిక 2025–26: ఫుట్‌పాత్ మీద పోలీస్ బూత్, టీచర్ గారి కేసు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా సంఘం చేసిన పనుల వివరాలు ఇవి. ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా దాదాపు ఒకే విషయానికి సరిపోయింది: కాలనీ మెయిన్ రోడ్డు మూలన ఫుట్‌పాత్ మీద పెట్టిన పోలీస్ బూత్, దాని మీద మన సభ్యురాలు హైకోర్టులో వేసిన కేసు. వాట్సాప్ గ్రూపులో దీని గురించి రకరకాలుగా మాట్లాడుకున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు ముందు చెబుతాను.

వేసవిలో ఒక రాత్రి క్రేన్‌తో బూత్‌ని తెచ్చి దించారు. పొద్దున పాలవాడు వచ్చేసరికే కింద కాంక్రీట్ దిమ్మె, నాలుగు మూలలా బోల్టులు, పక్క వీధి దీపం స్తంభం నుంచి కరెంటు తీగ, అన్నీ అమరిపోయి ఉన్నాయి. రోడ్డు వైపు కనబడే రెండు గోడలకూ ఒక నగల షాపు ప్రకటనలు. ఎదురుగా ఉన్నది రిటైర్డ్ టీచర్ గారి ఇల్లు. ఆవిడ గేటుకు రెండు రెక్కలు. ఆ రోజు నుంచి ఒక రెక్క పూర్తిగా తెరుచుకోవడం లేదు, కారు బయటికి రావడం లేదు. బూత్ గోడకీ ఆవిడ ప్రహరీకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత సందు మిగిలింది. వాకర్ పట్టుకుని నడిచే పెద్దవాళ్లు ఆ మూల దగ్గర ఫుట్‌పాత్ దిగి, బస్సులు తిరిగే చోట రోడ్డు మీద నుంచి నడవాల్సి వచ్చింది. జూలై వానల్లో ఇంకో సంగతి బయటపడింది. డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత సగం ఆ దిమ్మె కిందే ఉంది. క్లీనింగ్ మెషీన్ వచ్చి కూడా మూత తీయలేక తిరిగి వెళ్లిపోయింది. నాలుగో వీధి చివరి ఇళ్లలోకి మురుగు నీళ్లు వచ్చింది అందుకే.

టీచర్ గారు ముందు అడగాల్సిన చోటే అడిగారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చారు. అక్కడ ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, ఇది మీ భద్రత కోసమే కదా" అన్నారు. "నా భద్రత కోసమే అయితే నన్ను రోడ్డు మీద నడిపిస్తారా బాబూ" అన్నారట ఆవిడ. ఆ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్‌లో సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లారు. రసీదు వచ్చింది గానీ సమాధానం రాలేదు.

అప్పుడు సంఘం తరఫున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. ఇంత చవకైన ఆయుధం మనలో చాలామంది వాడరు, వాడాలి. పోలీసుల జవాబు: ప్రజా భద్రత కోసం ఏర్పాటు చేశాం. కార్పొరేషన్ జవాబు: ఆ స్థలంలో నిర్మాణానికి అనుమతి ఇచ్చినట్టు మా సర్కిల్‌లో ఫైలు లేదు. కేసు మొత్తానికి ప్రాణం ఈ రెండో కాగితమే. ట్రాఫిక్‌ని నడిపించే అధికారం పోలీసులది. రోడ్డు, ఫుట్‌పాత్ ఉన్నవి మాత్రం కార్పొరేషన్ చేతిలో. దాని మీద ఏదైనా కట్టాలంటే కార్పొరేషన్ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి.

ఇక్కడ మన ప్రత్యేక సర్వసభ్య సమావేశం గురించి చెప్పాలి. అంతకు ముందు ఏడాది మూడో వీధిలో గొలుసు దొంగతనం జరిగిన సంగతి మీకు తెలుసు. ఆ ఇంటివాళ్లు, వాళ్లతో పాటు ఇంకా చాలామంది బూత్ ఉండాల్సిందేనన్నారు. "పోలీసులే వచ్చి మన గుమ్మంలో కూర్చుంటామంటే కోర్టుకి లాగుతామా?" అని ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. ఆయన బాధలో న్యాయం ఉంది. చివరికి సమావేశం చేసిన తీర్మానం ఇది: బూత్ వద్దని సంఘం ఎప్పుడూ అనదు. ఫుట్‌పాత్ మీద వద్దు, కాలనీలోనే వేరే చోటు చూపిద్దాం. కేసు టీచర్ గారి సొంతం, లాయర్ ఫీజు ఆవిడదే. ఉత్తరాలు, దరఖాస్తులు, ఫొటోలు, కొలతల ఖర్చు సంఘానిది. సంఘం నిధుల నుంచి లాయర్‌కి ఒక్క రూపాయి కూడా వెళ్లలేదు, ఖాతాల్లో చూడవచ్చు.

సివిల్ కోర్టులో దావా వేయాలంటే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో మినహాయింపు ఉంది. లాయర్ గారు ఆలోచించి, రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్, అంటే అధికారులకు ఆదేశాలివ్వమని కోరే పిటిషన్, వేయడమే మంచిదన్నారు. ఆయన ముందు పెట్టిన పాత తీర్పు ఒకటి సభ్యులు తెలుసుకోదగ్గది. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉన్న మంగ్లౌర్ పట్టణంలో మున్సిపాలిటీ రోడ్డు పక్క జాగాలో గాంధీజీ విగ్రహం, దానికి అటూ ఇటూ చలివేంద్రం, లైబ్రరీ పెట్టాలనుకుంది. అన్నీ మంచి పనులే. అయినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రోడ్డుని రోడ్డుగా వాడుకోవడానికి, కాపాడుకోవడానికి అవసరం లేని కట్టడం వేసే హక్కు మున్సిపాలిటీకి లేదని చెప్పింది. 1965 నాటి లా రిపోర్టుల్లో ఉంది ఆ తీర్పు. ఉద్దేశం మంచిదైతే చాలదని, స్థలం నడిచేవాళ్లదని అంత స్పష్టంగా చెప్పిన తీర్పు నేను ఇంకోటి చదవలేదు.

అవతలి పక్షం వాదన కూడా బలమైనదే, దాన్ని దాచిపెట్టడం సరికాదు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు గానీ ఏ ఇతర కట్టడాలకు గానీ ఇకపై అనుమతి ఇవ్వొద్దని ఆదేశించింది. కానీ అదే ఆదేశంలో వీధి దీపాలు, ట్రాఫిక్, ప్రజా సౌకర్యాలకు సంబంధించిన వాటికి ఇది వర్తించదని కూడా ఉంది. ప్రభుత్వ న్యాయవాది ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. మన లాయర్ గారి జవాబు: మినహాయింపు ఉందంటే అనుమతి అక్కర్లేదని కాదు, నడిచే దారి మూసేయవచ్చని అంతకన్నా కాదు. పైగా నగల షాపు బోర్డు ట్రాఫిక్ కిందికి రాదు. దానికి తోడు 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని, వికలాంగులకు కూడా అవి అనువుగా ఉండాలని చెప్పింది. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ చెప్పిన దాని ప్రకారం నివాస ప్రాంతాల్లో నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలి. ఈ రెండూ పిటిషన్‌లో చేర్చారు.

హైకోర్టు ఈ మినహాయింపు సంగతి తేల్చలేదు. టీచర్ గారికి నోటీసు ఇచ్చి, కార్పొరేషన్, పోలీసులు కలిసి స్థలం చూసి, నాలుగు వారాల్లో కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలని చెప్పి రిట్ ముగించింది. ఆ ఉత్తర్వు నచ్చకపోతే మళ్లీ రావచ్చంది. గెలిచామా, ఓడామా అని చాలామంది అడిగారు. అప్పటిదాకా జవాబివ్వని రెండు ఆఫీసులు ఒకే రోజు మన వీధి మూలకి వచ్చి నిలబడ్డాయి. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

ఆ తనిఖీ రోజు కార్పొరేషన్ ఇంజినీరు గారు టేపు తీస్తే, రెండో కొస పట్టుకున్నది ఆ బూత్‌లో డ్యూటీ చేసే కానిస్టేబులే. బూత్ పోగా మిగిలింది అడుగున్నర. కొలత చెప్పాక ఆ కానిస్టేబుల్ మెల్లిగా ఇంకో మాట అన్నారు: మధ్యాహ్నం ఆ రేకు డబ్బాలో కూర్చోవడం పొయ్యి మీద పెనంలో కూర్చున్నట్టే ఉంటుందట, దగ్గర్లో బాత్రూమ్ కూడా లేదట. మనం ఇన్ని ఉత్తరాలు రాశాం, ఆయన ఇబ్బంది మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. పార్కు గేటు పక్కన వేపచెట్టు కింద ఉన్న ఖాళీ జాగాని సంఘం ముందే సూచించింది. అది కార్పొరేషన్ స్థలమే, నీడ ఉంది, కుళాయి ఉంది, పార్కు టాయిలెట్ పక్కనే ఉంది, మెయిన్ రోడ్డు మూల కూడా అక్కడి నుంచి కనబడుతుంది. ఎస్సై గారు వెంటనే ఒప్పుకున్నారు. ఉత్తర్వు గడువులోపే వచ్చింది, సంక్రాంతి తర్వాత బూత్ పార్కు పక్కకి మారింది. బూత్ కావాలన్న మూడో వీధి వాళ్లే కొత్త చోట ట్యూబ్‌లైట్ పెట్టించారు. వారికి సంఘం తరఫున ధన్యవాదాలు.

అయితే పని పూర్తికాలేదు. పాత చోట కాంక్రీట్ దిమ్మె అలాగే ఉంది, కోసేసిన బోల్టులు వేలెడంత పైకి పొడుచుకుని ఉన్నాయి. వాటికి తట్టుకుని స్కూలు పిల్లవాడు ఒకడు పడ్డాడు. మ్యాన్‌హోల్ మూత ఇంకా సగమే తెరుచుకుంటోంది. వానాకాలం లోపు తీయించాలని కార్పొరేషన్‌కి ఉత్తరం రాశాం. ఒక సంగతి సూటిగా చెబుతున్నాను. మన మూలన ఇడ్లీ బండి పెడితే మూడో రోజుకి తీసేస్తారు. ప్రభుత్వం పెట్టిన దిమ్మెకీ అదే నియమం వర్తించాలి. మన ఇళ్ల ముందు ఫుట్‌పాత్ మీదికి తెచ్చిన ర్యాంపులకూ, కంచె వేసిన మొక్కలకూ వర్తించాలి. కొందరు సభ్యులు ఈ మధ్య స్వయంగా వాటిని వెనక్కి జరిపారు. మిగతావారూ జరపాలని కోరుతున్నాను.

ఇతర పనులు. పార్కులో నడక దారి మరమ్మతు చేయించాం. ఆరిపోయిన వీధి దీపాలన్నీ మార్పించాం. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం, నిమజ్జనం ప్రశాంతంగా జరిగింది. నాలుగో వీధి వరద కాలువ పూడిక తీత మాత్రం మ్యాన్‌హోల్ సమస్యతో ఆగిపోయింది. ఆడిట్ చేసిన జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకి వస్తాయి. ఒకటి, కాలనీలో రోడ్డు మీద గానీ ఫుట్‌పాత్ మీద గానీ ఎవరు ఏ కట్టడం మొదలుపెట్టినా కార్యవర్గం ఆ వారంలోనే అనుమతి పత్రం అడగాలి. రెండు, మే నెలాఖరులోగా దిమ్మె తీయకపోతే సమాచార హక్కు కింద మళ్లీ దరఖాస్తు పెట్టి, టీచర్ గారు తిరిగి హైకోర్టుకి వెళితే ఈసారి సంఘం కూడా పిటిషనర్‌గా చేరాలి. దయచేసి అందరూ వచ్చి ఓటు వేయండి.

కార్యదర్శి
కాలనీ సంక్షేమ సంఘం, హైదరాబాద్