మనీ ప్లాంట్ బొమ్మ గోడ దిగింది, రేట్లు మారుతున్నాయి

ఆర్డర్ మీద బొమ్మలు వేసి ఇచ్చే మా షాపులో కౌంటర్ వెనక గోడ మీద ఉండే మనీ ప్లాంట్ బొమ్మ ఏమైందని చాలామంది అడుగుతున్నారు. అమ్మేశారా అని కూడా. అమ్మలేదు, అమ్మను. ఫ్రేమ్ లోపల దుమ్ము చేరితే తుడుద్దామని దించాను. విప్పాక చూసినదాని వల్ల మన ఆర్డర్ల పద్ధతి, రేట్లు రెండూ మారుతున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బరంపురంలో నేను వాటర్ కలర్ నేర్చుకుంటున్న తొలి రోజుల్లో వేసిన బొమ్మ అది. మా వంటింటి కిటికీలో, హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి పెట్టిన తీగ. మనీ ప్లాంట్ ఇళ్లలో దాదాపుగా పూయదు. పూతకు కావలసిన జిబ్బెరెల్లిన్ అనే హార్మోన్ దానిలో సరిగా తయారవదు. నేర్చుకునేవాళ్లకు అది మేలే. పువ్వుంటే కన్ను అటే పోతుంది, ఇక్కడ ఆకునే చూస్తూ కూర్చోవాలి. చుట్ట విప్పుకుంటున్న లేతాకు పసుపు కలిసిన పచ్చ. దాని పక్కనే ముదురాకు, మీద కిటికీ వెలుగు పడి సగం తెల్లగా మెరుస్తుంది. నీటి మట్టం దగ్గర కాడ విరిగినట్టు పక్కకు జరిగి కనిపిస్తుంది కదా, దాన్ని చూసింది చూసినట్టే వేశాను. గాజు మెరుపుకు తెల్ల రంగు వాడకుండా కాగితాన్నే ఖాళీగా వదిలాను. ఆ తర్వాత ఎన్ని బొమ్మలు వేసినా, ఆ కాడ విరుపు అంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కిటికీలోంచి జల్లు కొట్టి కింది మూల కొంచెం తడిసింది. ఆ మరక ఇంకా ఉంది. అప్పుడే మౌంట్, అంటే గాజుకు కాగితం తగలకుండా బొమ్మ చుట్టూ ఉంచే అట్ట అంచు, పెట్టి ఫ్రేమ్ కట్టించాను.

ఇప్పుడు మౌంట్ తీసి చూస్తే, దాని కింద దాగిన అంచులో ఆకు నిండు పచ్చగా ఉంది. వెలుగు తగిలిన మిగతా ఆకంతా నీలం తిరిగింది. రోజూ కళ్లెదుటే ఉన్నా ఆ తేడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే మారింది కొద్దికొద్దిగా. ఆ పచ్చ నేను నీలం, పసుపు కలిపి చేసినది. పసుపు వెలిసిపోయింది, నీలం నిలిచింది. పాత డచ్ పూల చిత్రాల్లో కూడా కొన్ని ఆకులు ఈ కారణంగానే నీలంగా కనిపిస్తాయి. వాన్ గో 1890లో గులాబీ రంగుతో వేసిన రోజాలు ఇవాళ దాదాపు తెల్లగా ఉన్నాయి, అక్కడ పోయింది ఎరుపు.

ఇక మన పని సంగతి. ట్యూబు మీద రాసే పేరు చూసి నమ్మడానికి లేదు. సాప్ గ్రీన్ అనే పచ్చ రంగు పేరుతోనే ఒక్కో కంపెనీ ఒక్కో మిశ్రమం ఇస్తుంది. ట్యూబు మీద చిన్నగా ఉండే పిగ్మెంట్ కోడ్, అంటే లోపల వాడిన అసలు రంగు పదార్థం గుర్తు, చూడాలి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్ నీలం, పీజీ 7 అంటే థాలో గ్రీన్, రెండూ వెలుగుకు బాగా ఆగుతాయి. పీఆర్ 83, అంటే అలిజరిన్ క్రిమ్సన్, పలచగా వేస్తే వెలిసిపోతుంది. పెళ్లి పోర్ట్రెయిట్లలో మన బరంపురం పట్టుచీర ఎరుపుకు అదెంత అందంగా ఉన్నా ఇక వాడను. దాని బదులు వెలుగుకు ఎక్కువ ఆగే క్వినాక్రిడోన్ అనే రకం ఎరుపులు. అన్ని ఆర్డర్లకూ నూరు శాతం కాటన్ ఉన్న 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) మందపాటి కాగితమే. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల అది పసుపు తిరుగుతుంది.

వీటి ఖరీదు ఎక్కువ. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి రేట్లు పెంచుతున్నాను. గృహప్రవేశాలకు తీసుకెళ్లే చిన్న బొమ్మల మీద కూడా పెరుగుతుంది, అది కొందరికి బరువే అని తెలుసు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, రంగులు మాత్రం కొత్తవే. వానాకాలంలో ఒక పూత ఆరితే గాని ఇంకోటి వేయలేను, కాబట్టి ముహూర్తానికి కాస్త ముందుగా చెప్పండి.

"ఎన్నేళ్లు ఉంటుందమ్మా?" అని అడుగుతుంటారు. ఏళ్లు లెక్కకట్టి గ్యారంటీ ఇవ్వలేను. ఎండ నేరుగా పడే గోడకు తగిలిస్తే మంచి రంగు కూడా త్వరగా పాడవుతుంది. మనది సముద్రం గాలి, గాజుకు కాగితం అంటుకుంటే బూజు పడుతుంది. అందుకే మౌంట్ వద్దంటే ఒప్పుకోను.

ఆ మనీ ప్లాంట్ బొమ్మకు మళ్లీ పచ్చ పూయమని కొందరు సలహా ఇచ్చారు. తడి బ్రష్ తగిలితే కింది పూత కరిగి కదులుతుంది, ఆ కాడ పోతుంది. వద్దు. గోడకు పెడితే మిగిలిన పచ్చ అంచు కూడా వెలుస్తుంది కాబట్టి డ్రాయర్లో ఉంచాను. అడిగితే తీసి చూపిస్తాను.

మా దగ్గర ఇంతకు ముందు కొన్న బొమ్మల్లో రంగు మారిందనిపిస్తే తీసుకురండి. ఫ్రేమ్ విప్పి చూసి, కొత్త మౌంట్ పెట్టి ఇస్తాను, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఇచ్ఛాపురం, పలాస నుంచి వచ్చేవాళ్లు సోమవారం రాకండి, ఆ రోజు షాపు సెలవు.