స్ప్రింగులు కొనేముందు రేటు అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కార్ల పేజీ నేను వారం వారం తప్పకుండా చదువుతాను. ఈమధ్య మోడిఫికేషన్ల మీద వేసిన కథనంలో లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు) వేస్తే హ్యాండ్లింగ్ మెరుగవుతుందని ఒక్క లైనులో తేల్చేశారు. పక్కన ఫొటోలో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు కూడా దూరని కారు. ఆ లైను చదివి ఎంతమంది కుర్రాళ్లు షాపుకి పరుగెత్తుతారో నాకు తెలుసు, ఎందుకంటే మూడేళ్ల కిందట నేనూ అలాంటి మాటే నమ్మి వెళ్లాను. ఉత్తరం కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

నాది పోలో జీటీ టీఎస్ఐ. చిన్న కారే కానీ 1.2 లీటర్ టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్, నాకు ప్రాణం. షాపతను 35 మిల్లీమీటర్లు దిగుతుంది సార్, కారు రోడ్డుకి అతుక్కుపోతుంది అన్నాడు. పాత షాకప్పులే ఉంచి స్ప్రింగులు మాత్రం మార్చాడు. సిటీలో నాలుగు రోజులు తిప్పితే నిజంగానే బాగున్నట్టు అనిపించింది, మలుపుల్లో కారు పక్కకి వాలడం తగ్గింది, స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతోంది. ఆ ఆదివారం ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని అరకు బయల్దేరాను. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఘాట్ ఎక్కుతుంటే ఒక ఎడమ మలుపులో, కేబుల్ కోసం తవ్వి సరిగ్గా పూడ్చకుండా వదిలేసిన చోట, ముందు చక్రం ఆ గుంతలో పడి లేవగానే కారు మొత్తం అర లేను కుడి వైపుకి ఎగిరి పడింది. స్పీడు 50 కూడా లేదు. ఎదురుగా బస్సు రాకపోబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. వెనక సీట్లో మా అమ్మ ఆ తర్వాత అరకు వెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు మా పేటలో పాత మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ముందు చక్రం విప్పి, షాకప్ మీది రబ్బరు తొడుగు పైకి జరిపి చూపించాడు. లోపల బంప్ స్టాప్ అని నల్లగా స్పాంజిలా ఒక ముక్క ఉంటుంది, స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా అడ్డుపడేది అదే. అది చిట్లిపోయి, పొడి పొడిగా రాలి, ఆ పొడి షాకప్ రాడ్డుకి అంటుకుని ఉంది. "బాబూ, నీ కారు స్ప్రింగు మీద నడవట్లేదు, ఈ ముక్క మీద నడుస్తోంది" అన్నాడు. ఫ్యాక్టరీ స్ప్రింగులతో కారు నిలబడి ఉంటే బంప్ స్టాప్‌కీ షాకప్ బాడీకీ మధ్య దాదాపు 40 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేదట, నేను అందులో 35 తినేశాను. నాకు అమ్మిన స్ప్రింగు గట్టిదనం మాత్రం పాతదాని కంటే పాతిక శాతమే ఎక్కువ. అంటే గుంతని మింగే చోటు దాదాపు మొత్తం పోయింది, దానికి బదులుగా వచ్చిన బలం పావు వంతు. మలుపులో బరువంతా బయటి చక్రం మీదకి వస్తుంది కదా, అప్పటికే బంప్ స్టాప్ మీద కూర్చున్న చక్రానికి గుంత తగిలేసరికి అక్కడ స్ప్రింగు ఉన్నా లేనట్టే. టైరు రోడ్డు వదిలేసింది.

అప్పట్నుంచి స్ప్రింగుల గురించి దొరికిందల్లా చదివాను, నాలుగు రకాలు మార్చి చూశాను. నాకు అర్థమైంది చెప్తాను.

షాపులో మొదట అడగాల్సింది స్ప్రింగ్ రేటు. రేటంటే ధర కాదు, స్ప్రింగు ఒక మిల్లీమీటరు అణగడానికి ఎంత బలం కావాలి అనేది. జపాన్ కిట్ల మీద కిలోలు పర్ మిల్లీమీటర్ అనీ, అమెరికావాటి మీద పౌండ్లు పర్ ఇంచ్ అనీ, మిగతావాటి మీద న్యూటన్లలోనూ ఉంటుంది, మిల్లీమీటరుకి 1 కిలో అంటే మిల్లీమీటరుకి సుమారు 9.8 న్యూటన్లు, ఇంచ్‌కి 56 పౌండ్లు. అమ్మేవాడు 30 దిగుతుంది, 40 దిగుతుంది అంటాడే తప్ప రేటు చెప్పలేకపోతే ఆ స్ప్రింగు కొనకండి. అంతే. కారుకి సరిపడే రేటు ఎలా తెలుస్తుంది అంటే దానికీ లెక్క ఉంది. ముందు ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, చక్రం దగ్గర రేటు మిల్లీమీటరుకి 25 న్యూటన్లు అనుకుంటే ఆ మూల సెకనుకి 1.45 సార్లు ఊగుతుంది. మామూలు ఫ్యామిలీ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి, స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 వరకూ, అంతకు మించితే ట్రాక్ కార్లు. నా కారుని 1.7కి తేవాలంటే రేటు 34 కావాలి, అంటే 37 శాతం గట్టి స్ప్రింగు. మన రోడ్ల మీద రోజూ తిరిగే కారుకి 1.7 కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. నేను 20 శాతం దగ్గర ఆగిపోయాను.

ఇంకో సంగతి, స్ప్రింగు మీద రాసిన రేటు చక్రం దగ్గరికి అంతే చేరదు. మన చిన్న కార్లలో ముందు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (స్ప్రింగు, షాకప్ ఒకే స్తంభంలా ఉండే అమరిక) తేడా కొంచెమే, విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే వి ఆకారపు చేతులు) ఉన్న కార్లలో చక్రం 10 కదిలితే స్ప్రింగు 7 కదిలేలా ఉంటే చక్రం దగ్గర మిగిలేది సగం రేటు. అందుకని వేరే కారుకి ఎవరో వేసిన నంబరు చూసి మన కారుకి కొనకూడదు.

స్ప్రింగు గట్టిపడితే గ్రిప్ పెరుగుతుందనే భ్రమ చాలామందికి ఉంది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి మారే మొత్తం బరువు కారు ఎత్తు, వెడల్పు, మలుపు తీసే స్పీడు బట్టి ఉంటుంది, స్ప్రింగులు మార్చేది ఆ బరువులో ముందుకెంత, వెనక్కెంత అనేది మాత్రమే. ముందు బాగా గట్టిచేస్తే మలుపులో ముక్కు బయటికి జారుతుంది. వెనక గట్టిచేస్తే ముక్కు చక్కగా తిరుగుతుంది కానీ వానలో యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలితే తోక బయటికొస్తుంది. నేను వెనక కొంచెం గట్టిదే వేసుకున్నాను, కొంచెం అన్నమాట గుర్తుపెట్టుకోండి. వెనక కాస్త త్వరగా ఊగేలా పెట్టడం సౌకర్యానికీ మంచిదే, ముందు చక్రాలు గతుకు ఎక్కాక కదా వెనకవి ఎక్కేది, అవి కాస్త వేగంగా ఊగితే ముందువాటిని అందుకుని కారు ఊయలలా తల ఎత్తి దించడం తగ్గుతుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఒలీ అనే ఇంజనీరు తేల్చిన విషయం ఇది. మెత్తటి స్ప్రింగులతోనే హ్యాండ్లింగ్‌కి పేరు తెచ్చుకున్న కార్లూ ఉన్నాయి, 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ అలాంటిదే, దాని గుట్టంతా తక్కువ బరువు, మంచి షాకప్పులు.

అందుకే డబ్బు తక్కువుంటే ముందు షాకప్పులు మార్చండి. స్ప్రింగు అణిగి తిరిగి లేచేటప్పుడు పట్టి ఉంచేది షాకప్, లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత షాకప్ మీద గట్టి స్ప్రింగు వేస్తే అది పట్టలేదు, కారు ఎగురుతూనే ఉంటుంది. ఇప్పుడు నా కారు 15 మిల్లీమీటర్లే దిగి ఉంది, కొత్త షాకప్పులు, కొత్త బంప్ స్టాపులు. 2018లో టాటా, కోయంబత్తూరు జేయెమ్ కంపెనీ కలిసి తెచ్చిన టియాగో జేటీపీ అనే స్పోర్టీ మోడల్‌ని కూడా ఫ్యాక్టరీలో దించింది 4 మిల్లీమీటర్లే.

ఎంత చోటు మిగిలిందో చూడటానికి ఆ మెకానిక్ చెప్పిన చిట్కా అందరికీ పనికొస్తుంది. తొడుగు పైకి జరిపి షాకప్ రాడ్డుకి ఒక ప్లాస్టిక్ టై బిగించి బాడీ దాకా కిందకి తోసి వదిలేయడమే. కారు ఎంత అణిగితే టై అంత పైకి పోయి అక్కడే ఆగుతుంది. మళ్లీ అరకు వెళ్లొచ్చి చూస్తే బంప్ స్టాప్‌కి వేలెడు దూరంలో ఆగి ఉంది. ఆరోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఇక స్ప్రింగులు కోయించేవాళ్లకి చేతులెత్తి మొక్కుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి. ఆరు చుట్లలో ఒకటి కోస్తే రేటు 20 శాతమే పెరుగుతుంది, ఎత్తు మాత్రం దభీమని పడిపోతుంది. గ్యాస్ కట్టర్ వేడికి ఉక్కు పదును పోతుంది. కోసిన కొస తన గూటిలో సరిగ్గా కూర్చోదు, చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. వెయ్యి రూపాయల్లో అయిపోతుందని గాజువాకలో ఒక కుర్రాడు నా ముందే కోయించుకున్నాడు, ఆపలేకపోయాను.

ఏది మార్చినా ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి మార్చండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు శిక్ష కూడా ఉన్నాయి. అలాగే రోడ్ల అధికారులు కూడా ఒకసారి చూసుకోవాలి, ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, 25 కిలోమీటర్ల స్పీడులో సాఫీగా దాటేలా ఉండాలి. మా కాలనీలో ఉన్నవి గోడలు.

ఎడిటర్ గారూ, మీ పేజీలో ఇకమీదట ఏ సస్పెన్షన్ కిట్ గురించి రాసినా ఎంత దిగుతుంది అన్నదాని పక్కనే స్ప్రింగ్ రేటు, ఏ షాకప్‌తో వేయాలి, ఎంత చోటు మిగులుతుంది, ఈ మూడూ వేయండి. చిట్లిపోయిన ఆ బంప్ స్టాప్ ఇప్పటికీ నా దగ్గర డబ్బాలో దాచి ఉంది, ఫొటో కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం