వేసవి నవలలు: మొహమాటం లేకుండా

అందరికీ నమస్తే. వేసవిలో చదవడానికి ఏవి బాగుంటాయని అడిగారు కదా, ఉన్నమాట చెప్తున్నా.

లిజ్ మూర్ ‘ద గాడ్ ఆఫ్ ద వుడ్స్’ (2024) ముందు పట్టుకోండి. 1975 ఆగస్టు, న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ అడవుల్లో పిల్లల వేసవి క్యాంపు. తెల్లారేసరికి క్యాంపు ఓనర్ల కూతురు బార్బరా పడక ఖాళీ. ఆమె పుట్టకముందే వాళ్ల అన్న కూడా అక్కడే మాయమయ్యాడు. క్యాంపు ఓనర్లు తమ పెద్ద ఇంటికి పెట్టుకున్న పేరు ‘సెల్ఫ్ రిలయన్స్’, అంటే సొంత కాళ్ల మీద నిలబడటం. దాన్ని కట్టడానికి చెమటోడ్చిందేమో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు! నాకు మిస్టరీ కన్నా ఈ వెటకారమే ఎక్కువ నచ్చింది. కథ ఏళ్లు వెనక్కీ ముందుకీ దూకుతుంటుంది, మొదట్లో కాస్త ఓపిక పట్టాలి.

టేలర్ జెంకిన్స్ రీడ్ ‘అట్మాస్ఫియర్’ (2025) మొదలే అదుర్స్. 1984లో అంతరిక్షంలో ఉన్న షటిల్ నౌకలో ప్రమాదం, కింద భూమ్మీద కంట్రోల్ రూమ్‌లో వ్యోమగామి జోన్ ఆ నౌకలోని వాళ్లతో మాట్లాడుతూ ఉంటుంది. చదువుతుంటే నాకే టెన్షన్. ఆ తర్వాత ప్రేమ సంభాషణల్లో పంచదార కాస్త ఎక్కువైంది.

ఎమిలీ హెన్రీ ‘గ్రేట్ బిగ్ బ్యూటిఫుల్ లైఫ్’ (2025)లో ఒక పెద్దావిడ జీవితకథ రాయడానికి ఇద్దరు రచయితలు పోటీ పడతారు. పెద్దావిడ గతం బాగుంది, ఆ ఇద్దరి ప్రేమకథ మాత్రం అంతంతమాత్రం. రైల్లో చదువుకోవచ్చు.

మొదటిది నా దగ్గరుంది. కావాల్సినవాళ్లు చెప్పండి, పేజీలు మాత్రం మడవొద్దు.