చిన్నాయన సన్మాన పత్రం గురించి

బేగూరు, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరే నాయనా,

నువ్వు పంపిన సన్మాన పత్రం రెండుసార్లు చదివాను. "ధైర్యసాహసాలకు మారుపేరు, స్ఫూర్తిప్రదాత, ఆదర్శమూర్తి" అని రాశావు. మంచి మాటలే. కానీ వాటిలో చిన్నాయన నాకు కనిపించలేదురా. ఆయన పేరు తీసేసి రిటైరయిన ఏ ఆఫీసరు పేరు పెట్టినా ఆ కాగితం సరిపోతుంది. దిద్ది పంపమన్నావు కదా, దిద్దుదామని కూర్చుంటే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

మన ఊరి వంక పొంగి బస్సు చిక్కుకుపోయిన ఆ రాత్రి నేనూ అందులోనే ఉన్నాను. వంక నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి, డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. గట్టు మీద ఊరంతా నిలబడి అరుస్తోంది. నడుముకు తాడు కట్టుకుని మొదట నీళ్ళలో దిగినవాడు చిన్నాయన. ఆయన నా మణికట్టు పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది. అందరం గట్టుకు చేరాక చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. మీ అవ్వ మాత్రం గుంపును తోసుకుంటూ వచ్చి, ఆయన ముఖం చుట్టూ చేతులు తిప్పి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది. "మొనగాడివిరా నాయనా" అంది. పక్కనున్న ముసలాయన చిన్నాయన వైపు చూడకుండా అవ్వతో అన్నాడు, "నీ కడుపు చల్లగుండ తల్లీ" అని. కొడుకును పొగడాలంటే తల్లికి దీవెన ఇచ్చేవాళ్ళు మన పెద్దలు. ఇంతకంటే మర్యాద గల పొగడ్త నాకు తెలీదు.

మొనగాడు అన్న మాటనే చూడు. మొన అంటే కొస, సేనకు ముందు భాగం. మొనలో నిలబడేవాడు మొనగాడు. మొదటి దెబ్బ తగిలేది అతనికే. ఆ రాత్రి తాడు కొసన ఉన్నది ఎవరు? అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు, కానీ సరిగ్గా సరిపోయే మాటే అంది. అదే మాటను మనం ఇప్పుడు "పెద్ద మొనగాడు బయల్దేరాడు" అని వెక్కిరించడానికి వాడుకుంటున్నాం. శూరుడేమో తిండిశూరుడయ్యాడు. గుండెలు తీసిన బంటు అంటే ఎవరినో మోసం చేసినవాడని అనుకుంటున్నారు. బంటు అంటే యుద్ధంలో నిలబడే భటుడు కదా! నాకు నిజంగా బాధేస్తుంది. ఒక మంచి మాట వెక్కిరింతకు పోతే, నిజంగా అవసరమైన రోజున మన చేతిలో "సూపర్" ఒక్కటే మిగులుతుంది.

గండడు అన్న మాట కూడా మనకుండేది. ఇక్కడ కన్నడంలో గండ అంటే మొగుడు, వీరుడు కూడా. మనకు మగడు అన్నా ఆ రెండర్థాలూ ఉన్నాయి. గండుచీమ, గండుపిల్లి అంటాం చూడు, ఆ గండే. కృష్ణదేవరాయల బిరుదుల్లో మూరురాయరగండ ఒకటి, ముగ్గురు రాజుల మీద మగవాడని. వీరుడి కాలికి తొడిగే గండపెండేరాన్ని రాయలు పెద్దనగారి కాలికి తొడిగాడని చెప్పుకుంటాం. కవికి కూడా వీరుడి గౌరవం ఇవ్వాలనిపించిందంటే ఆ అందెకు ఎంత విలువుండేదో!

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వేరే ఉంది. మా ఇంటికి దగ్గర్లోనే నాగేశ్వరస్వామి గుడి. అక్కడ పాత కన్నడంలో చెక్కిన శాసనం ఒకటుంది, సుమారు 890 నాటిది. బెంగళూరు కాళగంలో, అంటే బెంగళూరు యుద్ధంలో, చనిపోయిన మనిషి జ్ఞాపకం అది. బెంగళూరు పేరు దొరికిన అతి పాత రాత అదేనంటారు. ఇంత పెద్ద నగరం పేరు మొదట మనకు కనబడేది ఒక వీరుడి రాతి మీద! ఈ పొద్దున మళ్ళీ వెళ్ళి చాలాసేపు దాని ముందు నిలబడ్డాను. ఇదే నగరంలోని హెబ్బాళలో 2018లో ఇంకొక వీరుడి రాయి బయటపడింది, కిట్టయ్య అనే అతనిది, సుమారు 750 నాటిది. ఊరి మీదికి వచ్చినవాళ్ళను ఎదిరించి చనిపోయాడట.

మండ్య జిల్లాలోని ఆతకూరు రాయి సంగతి వింటే నువ్వు వదలవు. క్రీ.శ. 949 నాటిది. చోళులతో జరిగిన తక్కోలం యుద్ధంలో బాగా పోరాడిన మణలేరుడనే వీరుడికి గంగవంశపు రాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. దాని పేరు కూడా రాతిలో ఎక్కించారు, పూజకు భూమి ఇచ్చారు. ధైర్యం ఎవరిదైనా ధైర్యమే అనుకున్న మనుషులు వాళ్ళు.

ఆ రాళ్ళ మీద గొప్ప విశేషణాలు లేకపోలేదు. రాజుల కాలం, ఉంటాయి. కానీ అసలు బలమంతా జరిగిన పనిని చెప్పడంలో ఉంది. ఎవరు, ఏ ఊరు, ఎవరి కోసం, ఏం చేశాడు. మనకూ అదే చాలు. నేను ఇలా రాశాను చూడు:

"వంక పొంగిన రాత్రి, ఊరంతా గట్టున నిలబడి ఉండగా, నడుముకు తాడు కట్టుకుని అందరికంటే ముందు నీళ్ళలో దిగి, బస్సులో చిక్కిన పద్నాలుగు మందిని ఒక్కరొక్కరుగా గట్టుకు చేర్చిన మొనగాడు, ఈ ఊరి బిడ్డ. ఇతన్ని కన్న తల్లి కడుపు చల్లగుండాలని ఊరు దీవిస్తోంది."

కింద చిన్నాయన పేరు, ఆయన పేరు కంటే ముందు అవ్వ పేరు. ఆ పద్నాలుగు మందిలో ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళ చేత సంతకాలు పెట్టించు. నా సంతకానికి కొంచెం చోటు వదులు. శాలువా, దండ, మొమెంటో నీ ఇష్టం, వాటి గురించి నేనేమీ అనను.

శుక్రవారం రాత్రి బస్సెక్కుతున్నా. అవ్వకు మోకాళ్ళ నొప్పులని తెలుసు, అయినా ఆమెను వేదిక మీదికి ఎక్కించాల్సిందే. అవసరమైతే కుర్చీతో సహా ఎత్తుకుందాం. ఆ మెటికల చప్పుడు నేను ఇంకోసారి వినాలి.

నీ,
అబ్బి