చైనీయులకు మానసిక ప్రథమ చికిత్స వాళ్ళ తీరులోనే నేర్పాలి

మెల్‌బోర్న్‌లోని చైనీయులకు ఇచ్చే మానసిక ప్రథమ చికిత్స శిక్షణ వాళ్ళ ఇళ్ళ తీరుకు తగ్గట్టు లేకపోతే దండగ. 2000లో ఆస్ట్రేలియాలోనే పుట్టిన ఈ కోర్సు మంచిదే. మనిషి డాక్టరు దాకా చేరేలోపు ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు ఏం చేయాలో చెబుతుంది. కానీ మెల్‌బోర్న్ శివారు బాక్స్ హిల్‌లో నేను పనిచేసే మందుల షాపుకు వచ్చే చైనీయ పెద్దవాళ్ళు దిగులుగా ఉందని అనడం అరుదు. నిద్ర పట్టట్లేదు, గుండె దడ, తిన్నది అరగట్లేదు అంటారు. పక్కన దుబాసీగా నిలబడింది కన్నకొడుకే అయితే అంతకుమించి ఏం చెబుతారు? ఇంటి పరువు పోతుందని టెన్షన్. (మన తెలుగువాళ్ళేమీ తక్కువ తినలేదు.) చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమంటుంది కోర్సు. అడగాల్సిందే, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అయితే చావు మాటే అశుభమనుకునే ఇంట్లో నిద్ర, ఆకలి కబుర్లతో మొదలుపెట్టి ఆ ప్రశ్న దాకా ఎలా వెళ్ళాలో సాధన చేయించాలి. అందుకు శిక్షకులు ఆ సమాజం వాళ్ళే కావాలి. వాళ్ళు మాట్లాడే రెండు చైనీస్ భాషలు మాండరిన్‌కు, కాంటొనీస్‌కు వేర్వేరు తరగతులుండాలి. స్థానిక కౌన్సిళ్ళు డబ్బిచ్చి వృద్ధుల క్లబ్బులు నడిపేవాళ్ళకు, వారాంతపు చైనీస్ బడుల టీచర్లకు, మూలికల దుకాణదారులకు ముందు నేర్పించాలి. కొడుకూ కోడళ్ళను నిలబెట్టకుండా ప్రభుత్వ ఫోన్ దుబాసీ సేవను పిలవడం కూడా అందులో పాఠంగా పెట్టాలి.

- ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్