ధ్వని పాఠానికి కొబ్బరాకు బూర చాలు

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి ధ్వని పాఠానికి ప్రాజెక్టు వర్క్ ఇచ్చామంటే చాలు, తల్లిదండ్రులకు టెన్షన్. సాయంత్రానికల్లా షాపుకు పరుగెత్తి, థర్మాకోల్ మీద అతికించిన రెడీమేడ్ చెవి బొమ్మ కొనుక్కొస్తున్నారు. మార్కులూ పడుతున్నాయి. కానీ చప్పుడు చేసి చూడకుండా ధ్వని ఎలా అర్థమవుతుంది?

మా కోనసీమలో ఏ పెరట్లో చూసినా కొబ్బరిచెట్టే. ఆకు చీల్చి, ఈనె తీసేసి, సన్నగా మొదలుపెట్టి చుట్టుకుంటూ పోయి, చివర ఆ ఈనె ముక్కనే గుచ్చితే బూర తయారు. సన్నని మూతిని వేళ్లతో నొక్కి చదును చేసి ఊదాలి. అక్కడ ఆకు పొరలు రెండూ అదరడం పెదవులకే తెలుస్తుంది. "చక్కిలిగిలి పెడుతోంది టీచర్" అంటారు పిల్లలు. కంపనం అంటే అదే. సన్నాయి పీకలోనూ ఇలాగే రెండు పొరలు అదురుతాయి.

ఆ తర్వాత ఒకే సైజు గాజు సీసాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో మట్టానికి నీళ్లు పోయించండి. చెంచాతో కొడితే నీళ్లు ఎక్కువున్న సీసా బొంగురుగా మోగుతుంది. అదే సీసా మూతి మీదుగా ఊదితే కీచుమంటుంది! క్లాసులో వాదన మొదలవుతుంది, దాన్ని ఆపకూడదు. కొట్టినప్పుడు అదిరేది గాజు. నీళ్ల బరువు తోడైన కొద్దీ నెమ్మదిగా అదురుతుంది. ఊదినప్పుడు అదిరేది లోపలి గాలి. నీళ్లు పెరిగితే దానికి చోటు తగ్గి, వేగంగా అదురుతుంది. పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు అదిరిందనే లెక్క), కీచుదనం (స్వరం ఎంత సన్నగా, ఎంత బొంగురుగా ఉందనేది) అని నేను బోర్డు మీద రాసేది ఇదంతా అయ్యాకే.

ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవమని సి.వి.రామన్ ఫొటోకు దండ వేస్తాం. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న ఆయన, కాంతి గురించి కనుగొన్న రామన్ ఎఫెక్ట్ కంటే ముందే మన వాద్యాల నాదం మీద పరిశోధన చేశారని, మృదంగం, తబలాల మీద 1920లోనే వ్యాసం ప్రచురించారని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. చర్మం మధ్య పూసే ఆ నల్లటి కరణి వల్లే వాటికి శ్రుతి నిలుస్తుంది. ఎవరైనా మృదంగం వాయించేవారిని ఆ రోజు బడికి పిలిస్తే ఎంత బాగుంటుంది!

విద్యాశాఖకు నా మనవి ఒక్కటే. పిల్లలు తమ చేత్తో చేసి, క్లాసులో మోగించి చూపినదానికే ప్రాజెక్టు మార్కులు ఇవ్వాలి. ఆ గంటసేపు పక్క క్లాసువాళ్లు కాస్త ఓర్చుకోవాలి. మీ పిల్లల పేజీలో వారానికొక వాయిద్యం తయారీ బొమ్మలతో సహా వేస్తే మా ఉపాధ్యాయులకు పెద్ద సాయం చేసినవారవుతారు.

– భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, కోనసీమ