మా ఉదయగిరి చెంచా అరకులో కనబడింది

సంపాదకులకు నమస్కారం.

పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024–29 విధానం తెచ్చినప్పటి నుంచి, మా నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో నలుగురు కూర్చున్న చోటల్లా ఒక మాట వినబడుతోంది. ఉదయగిరి దుర్గం కింద మంచి రిసార్టు ఒకటి పడితే ఊరు బాగుపడుతుందని. నేనూ ఆ మాట అన్నదాన్నే. గడిచిన కార్తీకంలో అరకు లోయలో అలాంటి రిసార్టులో రెండు రాత్రులు ఉండి వచ్చాక నా మాట మార్చుకోవలసి వచ్చింది.

నాకు అరవై ఏళ్ళు నిండాయని మా అమ్మాయి పెట్టిన ఖర్చు అది. నెల్లూరులో రాత్రి రైలెక్కి విశాఖలో దిగి, అక్కడ కిరండూల్ బండి పట్టుకున్నాం. ఆ మార్గంలో మొత్తం 58 సొరంగాలు ఉన్నాయని విని మా మనవరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది కానీ, వేరుశెనక్కాయల పొట్లం విప్పిన దగ్గర లెక్క తప్పింది. బొర్రా దాటాక లోయ విచ్చుకుంది. వలిసె పూల పసుపు, పొలాల మీద మంచు. కంపచెట్లు, బీడు నేలలు చూస్తూ పెరిగిన కళ్ళకు అదొక పండుగ. ఈ భాగం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రిసార్టు వారు పెట్టుకున్న థీమ్ ‘గిరిజన పల్లె’. పడక మెత్తగా ఉంది, వేణ్ణీళ్ళు అడిగిన వెంటనే వచ్చాయి, పనివారు మర్యాదస్తులు. అన్యాయంగా మాట్లాడకూడదు. కానీ రెల్లుగడ్డి అనుకుని చూరు తాకితే ప్లాస్టిక్. మట్టిగోడ అనుకున్నది సిమెంటు మీద వేసిన రంగు. అలికిన చేతివేళ్ళ గుర్తులు కూడా అచ్చు వేశారు. లాంతరులో బల్బు. గది మూల ఒక తిరగలి పెట్టారు. మనవరాలు పిడి పట్టుకుని తిప్పబోయి, “అమ్మమ్మా, ఇది తిరగదు” అంది. వంగి చూస్తే పై రాయిని కింది రాయికి అతికించేశారు. రెండు రాత్రులకు ఎంత కట్టారో అమ్మాయి నాకు చెప్పలేదు. బిల్లు తన సంచిలో కనబడింది. చూసి మళ్ళీ సంచిలోనే పెట్టేశాను.

ఇంకొక వింత. ఇది ఫలానా చోటిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) 2019లో పొందిన కాఫీ పండే లోయలో కూర్చుని పొద్దున్నే కాఫీ అడిగితే, వేడి పాలలో పొడి కలిపి తెచ్చారు. అసలు అరకు కాఫీ తాగడానికి గేటు దాటి రోడ్డు పక్క బడ్డీకి నడిచి వెళ్ళాం.

పొద్దున మాకు ఇడ్లీలు వడ్డించిన అమ్మాయే రాత్రి మంట చుట్టూ గిరిజనుల థింసా నాట్యం ఆడింది. అతిథులు ఫోన్లు పట్టుకుని, వీడియో సరిగా రాలేదు, ఇంకొక్కసారి అన్నారు. మళ్ళీ ఆడారు. తరవాత ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, “మీ ఊళ్ళో ఇది ఎప్పుడు ఆడతారమ్మా?” అని అడిగాను. “పండక్కి, పెళ్ళికి. ఇక్కడైతే రోజూ ఎనిమిది గంటలకు” అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. నెలకు జీతం వస్తోందని, లేకపోతే దూరం పనికి పోవలసి వచ్చేదని కూడా చెప్పింది. “మా ఊరిలో నీళ్ళకు ఊట దగ్గరికి నడవాలి” అని ఆమె అన్నప్పుడు మాత్రం నాకు ఆమె వెనక ఉన్న ఈతకొలను మీదికి చూపు పోయింది. చలికి అందులో ఎవరూ దిగలేదు.

బయలుదేరే రోజు అక్కడి అమ్మకాల గదిలోకి వెళ్ళాం. వెదురు బుట్టలు, పూసల దండలు, వాటి పక్కన చెక్క చెంచాలు. ఒకటి చేతిలోకి తీసుకోగానే పోల్చాను. పిడి చివర చెక్కిన ఆకు, గుంట లోపలి నునుపు. ముప్పై ఏళ్ళు ఆ చెంచాలు చేసే ఇళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, పొరపడను. అది మా ఉదయగిరి చెంచా. దాని మీద ‘అరకు గిరిజన హస్తకళ’ అని చీటీ అంటించి ఉంది. ఉదయగిరి చెక్క చెంచాలకూ భౌగోళిక గుర్తింపు ఉన్నదని అక్కడి కుర్రవాడికి చెబితే, “సరుకు విశాఖ నుంచి వస్తుందమ్మా” అన్నాడు. రెండు చెంచాలు కొన్నాను. మా ఊరి వస్తువును ఏడెనిమిది వందల కిలోమీటర్లు పోయి, ఇంకొకరి పేరుతో కొనుక్కుని తెచ్చుకున్నాను.

మా ఊరి నుంచి పోయినవి పరాయి చిరునామాతో కనబడటం కొత్తేమీ కాదు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని మా దుర్గాన్ని ముట్టడించి, ఏడాదిన్నరకు గాని లొంగదీయలేకపోయాడు. గెలిచి వెళుతూ ఇక్కడి బాలకృష్ణుని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాయలవారి మీద నాకు కోపం లేదు. ఆయన కనీసం ఎక్కడి నుంచి తెచ్చిందీ శాసనంలో రాయించాడు.

అసలు చెప్పదలచుకున్నది ఇది. అరకు ఆదివాసీలకు కాగితం మీదనైనా ఒక అండ ఉంది. గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని 1970 నాటి 1/70 చట్టం చెబుతోంది. అదే కొండల్లో అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూములను కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంత ఉన్నా అక్కడ ఆ అమ్మాయి వాటాకు వచ్చింది రోజూ రాత్రి ఎనిమిదింటి ఆట. మా నెల్లూరు జిల్లాలో యానాది గిరిజనులు ఇంతమంది ఉన్నా షెడ్యూల్డ్ ప్రాంతం అన్నదే లేదు. రేపు వెలిగొండల వాలులో ‘యానాది పల్లె’ అని బోర్డు పెట్టి సిమెంటు గుడిసెలు వేస్తే అడిగే చట్టం ఏది?

రిసార్టు వద్దని నేను అనడం లేదు. వచ్చినవారు ఉండటానికి ఉదయగిరిలో తగిన చోటు లేదన్నది నిజం. దుర్గం చూడటానికి వచ్చేవారు పొద్దున్నే వచ్చి, ఎండెక్కగానే దిగి, సాయంత్రానికి నెల్లూరు చేరుకుంటారు. కొండ మీద నీళ్ళు లేవు, ఎక్కే దారిలో ఆడవారికి మరుగుదొడ్డి లేదు, ఏ బురుజు ఎవరు కట్టారో చెప్పే పలక లేదు. గోల్కొండ కాలపు మసీదులు, శిథిలమైన గుళ్ళు, కోట గోడలు అన్నీ ఒకే కొండ మీద ఉన్నాయి. ఇక్కడ థీమ్ కల్పించవలసిన అవసరం ఎవరికి? ఒక్క రాత్రి ఆగే వీలుంటే వచ్చినవారు మరునాడు ఘటిక సిద్ధేశ్వరం చూస్తారు, భైరవకోనకు వెళ్ళి ఎనిమిది గుహాలయాలు చూస్తారు.

ఆ ఒక్క రాత్రి ఊరి ఇళ్ళలోనే గడిచేలా చెయ్యవచ్చు. పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్ళిపోయి, పై గదులు తాళాలు వేసి ఉన్న ఇళ్ళు మా వీధిలోనే నాలుగు ఉన్నాయి. వాటికి స్నానాల గది బాగుచేసుకోవడానికి బ్యాంకు అప్పు, పర్యాటక శాఖ వారి గుర్తింపు, వచ్చినవారి వివరాలు పోలీసులకు తెలిపే తేలికైన పద్ధతి ఉంటే చాలు. వంటకు మేమున్నాం. సజ్జ రొట్టె, గోంగూర, ఉలవచారు ఎవరూ నేర్పనక్కరలేదు. తిరగలి మా ఇంట్లో ఉంది, అది తిరుగుతుంది.

పెద్ద రిసార్టే కావాలంటే అనుమతి ఇచ్చే ముందు అధికారులు మూడు సంగతులు తేల్చాలి. మొదటిది నీళ్ళు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే మెట్ట ఊరిలో ఈతకొలను నింపే నీరు ఏ బోరు నుంచి వస్తుందో ఊరివారి ముందు కూర్చుని చెప్పించాలి. రెండవది కర్ర. చెంచాలకు కావలసిన నర్ది, బిక్కి వంటి చెట్లు ఆ కొండల్లో దొరికేవే. కర్ర తెచ్చుకోవడమే ఇప్పుడు పనివారికి పెద్ద కష్టం. కొండ వాలును రిసార్టుకు ఇచ్చే ఆలోచన ఉంటే, అంతకన్నా ముందు అటవీ శాఖ వారు ఆ చెట్లు పెంచి, కర్రను చేతిపనివారికి న్యాయమైన ధరకు అందించే ఏర్పాటు చెయ్యాలి. మూడవది పేరు. అక్కడ అమ్మే ప్రతి చేతివస్తువు మీద చేసినవారి పేరూ ఊరూ ఉండాలి. ఇందుకు కోట్లు అక్కరలేదు, ఒక రబ్బరు ముద్ర చాలు.

అరకులో కొన్న చెంచా ఒకటి తెచ్చి, ఆ పని చేసే ఒక ఇంటి ఇల్లాలికి చూపించాను. నా దగ్గర మూడవ తరగతి చదివిన పిల్లే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. తిప్పి చూసి, “మాదే టీచరమ్మా, ఈ ఆకు మా అత్త చెక్కింది” అంది. చీటీ మీద ధర నాతో రెండుసార్లు చదివించుకుంది. తరవాత పక్కనే ఉన్న కత్తి అందుకుని మళ్ళీ పనిలో పడింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా